మిత్రులతో వసంతకాలపు స్కీయింగ్: ముందు ఎండ లెక్క చూసుకోండి

మా మిత్రబృందంలో ట్రిప్ ఏర్పాట్లు చూసేది నేనే. బస ఎక్కడ, బండి ఎవరిది అని అందరూ అడుగుతుంటారు. నేను మాత్రం ముందు చూసేది రాత్రి ఆకాశం ఎలా ఉండబోతోందని. వసంతంలో రేపటి స్కీయింగ్ బాగుంటుందా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

పగటి ఎండకు మంచు పైపొర కరుగుతుంది. రాత్రి మబ్బు లేకపోతే మంచులోని వేడి ఆకాశంలోకి వెళ్లిపోయి, గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్నా సరే, ఆ పొర మళ్లీ గడ్డకడుతుంది. మబ్బు పట్టిన రాత్రి అలా జరగదు. తెల్లారేసరికి కూడా మంచు మెత్తగానే ఉండిపోతుంది. ఇలా రోజుల తరబడి కరుగుతూ, గడ్డకడుతూ ఉంటే మంచు రాళ్లుప్పులా పలుకులు పలుకులుగా తయారవుతుంది. దీన్నే కార్న్ స్నో అంటారు. అడుగున గట్టిగా ఉండి, పైన ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రం మెత్తబడిన ఆ కాసేపు స్కీలు ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. వసంతంలో కొండెక్కేది ఆ కాసేపటి కోసమే.

కాబట్టి ముందు రోజు సాయంత్రమే స్కీ మ్యాప్ తెరిచి, ఏ వాలు ఏ దిక్కుకు ఉందో గుర్తు పెట్టుకోండి. ఉత్తరార్ధగోళంలో తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. ఉత్తరపు వాలుకు ఎండ తక్కువ కాబట్టి అక్కడ మంచు ఆలస్యంగా కరుగుతుంది. ఎండ వెనకే మీరూ వాలు మారుతూ పోవాలి. మనల్ని కొండపైకి చేర్చే లిఫ్ట్ తెరిచే వేళకు వాలు గట్టిగా ఉంటుంది, అంచులు పదునుగా లేని స్కీలు జారిపోతాయి. అందుకే బయల్దేరేముందే అంచులు పదును పెట్టించి, స్కీల అడుగున వెచ్చటి మంచుకు తగిన వ్యాక్స్ (మైనం) వేయించండి.

వాలు సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి నేను స్కీ పోల్‌తో, అంటే చేతికర్రతో, మంచును పొడిచి చూస్తాను. మొన టక్కుమని ఎగిరి వస్తే ఇంకా ఆగాలి. కొద్దిగా దిగి ఆగితే అదే సమయం, వెంటనే బయల్దేరండి. స్కీ తీసి నిలబడితే బూటు చీలమండ దాటి కూరుకుపోతోందంటే ఆ వాలుకు ఆ రోజు సెలవు. గుర్తులు పెట్టిన దారి బయట ఈ సూచనను అస్సలు నిర్లక్ష్యం చేయొద్దు. తడిసి బరువెక్కిన మంచు అవలాంచ్‌గా జారిపడేది ఇలాంటప్పుడే. బీకన్ (మంచు కింద పడ్డవాళ్ల జాడ చెప్పే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార, వాటిని వాడే శిక్షణ లేనివాళ్లు ఏ వేళలోనూ ఆ దారి దాటకూడదు.

మధ్యాహ్నపు తడిమంచులో చాలామందికి దెబ్బ తగిలేది నీడలోంచి ఎండలోకి వచ్చే చోట. నీడలో గట్టి మంచు మీద వేగంగా వస్తారు, ఎండ మొదలైన గీత దాటగానే స్కీలను ఎవరో వెనక్కి పట్టి లాగినట్టవుతుంది, ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది. ఆ గీత దూరం నుంచే కనిపిస్తుంది. దానికి ముందే వేగం తగ్గించి, మోకాళ్లు కాస్త వంచి, బరువు రెండు స్కీల మీదా సమంగా పంచండి. వెనక్కి వాలొద్దు. మలుపులు నిదానంగా, గుండ్రంగా తీసుకోండి.

ఎండ సంగతి. ఎత్తు ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. పైగా కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మన మొహం మీదికే కొడుతుంది. అందుకే గడ్డం కిందా, ముక్కుపుటాల అంచునా, చెవుల వెనకా కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాలి, రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. మబ్బుగా ఉందని గాగుల్స్ తీసేయకండి. కళ్లు మాడిన సంగతి అప్పటికప్పుడు తెలియదు, కొన్ని గంటల తర్వాత ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. ఎండ రోజుకు గాగుల్స్‌లో ఎస్3 రకం ముదురు అద్దం సరిపోతుంది. బట్టలు పలచటి పొరలుగా వేసుకుంటే ఎండ పెరిగేకొద్దీ ఒక్కొక్కటీ తీసేయొచ్చు. సాక్స్ మాత్రం ఒక్క జతే, అదీ పలచటిది.

అద్దెకు స్కీలు తీసుకునేవాళ్లకు ఒక మాట. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను మీ బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి సెట్ చేస్తారు. పక్కన స్నేహితులున్నారని బరువు తగ్గించి చెబితే అది అవసరం లేనప్పుడే ఊడిపోతుంది. నైపుణ్యం పెంచి చెబితే పడ్డప్పుడు ఊడిరాదు, మోకాలు మెలిపడుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇక బృందం. నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. అందరి స్థాయీ ఒకటి కాదు, అలా ఉండాల్సిన పనీ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లను శిక్షకుడికి అప్పగించండి. స్నేహితులు నేర్పబోతే ఇద్దరికీ టెన్షనే. వసంతంలో ఆ పాఠం పొద్దున్నే పెట్టించొద్దు. గడ్డకట్టిన వాలు మీద కొత్తవాళ్లు బిగుసుకుపోతారు, కాస్త మెత్తబడ్డాక అయితే ధైర్యంగా కదులుతారు. మిగతావాళ్లు ఆ పొద్దుటి రెండు గంటలూ తమ వేగంలో తిరిగి రావచ్చు. మళ్లీ ఎక్కడ, ఎన్నింటికి కలవాలో లిఫ్ట్ ఎక్కకముందే అనుకోండి. చలికి ఫోన్ బ్యాటరీ ఒక్కసారిగా పడిపోవచ్చు, దాన్ని నమ్ముకుని విడిపోకండి.

కలిసి దిగేటప్పుడు బాగా వచ్చినవాళ్లలో ఒకరు అందరికంటే చివర రావాలి. నెమ్మదిగా వచ్చేవాళ్లను ఎప్పుడూ చివర వదలకండి. ఆగేటప్పుడు వాలు పక్కన, పైనుంచి వచ్చేవాళ్లకు కనిపించే చోట ఆగాలి. ఎదుటివాళ్లకు తగలకుండా దారి ఎంచుకోవాల్సింది వెనక నుంచి వచ్చేవాళ్లేనని అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన 10 నియమాలు చెబుతాయి. బయల్దేరేముందు రాత్రి ఆ పదీ అందరూ కలిసి చదువుకోండి, ఐదు నిమిషాల పని. ఇంకొకటి, చివరి మనిషి వచ్చి చేరగానే "పదండి" అనేయకండి. మిగతావాళ్లంతా నిలబడి సేద తీరారు, ఆ మనిషికి మాత్రం ఊపిరి తీసుకునే సమయం దక్కదు. వచ్చినవాళ్లు నీళ్లు తాగి, తామే "సరే" అన్నాక కదలండి. రోజంతా ఇలా చేస్తే, మర్నాడు రానంటారేమో అనుకున్న స్నేహితులే అందరికంటే ముందు బూట్లు తొడుక్కుంటారు.

చివరి రోజు మధ్యాహ్నంతోనే ముగించండి. కాళ్లు అలిసి ఉంటాయి, మంచు బరువెక్కి ఉంటుంది, తిరుగు ప్రయాణంలో బండి నడిపేవాళ్లకు విశ్రాంతి కావాలి. బండెక్కించేముందు స్కీలు పొడిగుడ్డతో తుడవండి, తడి అంచులు తుప్పు పట్టడానికి ఒక్క రాత్రి చాలు. ఇంటికి చేరాక బూట్ల లోపలి లైనర్లు బయటికి తీసి ఆరబెట్టండి, హీటరుకు మాత్రం దూరంగా ఉంచండి. బూట్లు పూర్తిగా ఆరాక బకిల్స్ వదులుగా పెట్టి మూసేస్తే వాటి ఆకారం చెడదు.