దూరం లెక్క తప్పిందా? వచ్చిన సంఖ్యే తప్పు పట్టిస్తుంది

(−3, 4), (5, −2) బిందువుల మధ్య దూరం చూద్దాం. అడ్డం తేడా 8, నిలువు తేడా 6. వర్గాలు 64, 36. కూడితే 100, వర్గమూలం 10. మీకు ఇంకేదైనా వచ్చిందా?

14 వస్తే: 64కీ 36కీ విడివిడిగా మూలం తీసి కూడారు. అది అడ్డంగా 8 నడిచి, మలుపు తిరిగి 6 నడిచిన దారి. మనకు కావాల్సింది కర్ణం, అంటే రెండు చివరల్నీ తిన్నగా కలిపే ఏటవాలు గీత. ముందు కూడిక, ఆ తర్వాతే మూలం.

100 వస్తే: మూలం మర్చిపోయారు, అంతే.

√40, అంటే 6.32 వస్తే: 5 − (−3) రాయాల్సిన చోట 5 − 3 రాశారు. మార్కులు పోయేది ఇలాంటి చోటే. మైనస్ ఉన్న సంఖ్యను బ్రాకెట్ లేకుండా సూత్రంలోకి ఎక్కించొద్దు.

√28, అంటే 5.29 వస్తే: నిలువు తేడాను −2 − 4 = −6 అని తీసి, కాలిక్యులేటర్‌లో −6² కొట్టారు. చాలా సైంటిఫిక్ కాలిక్యులేటర్లు ముందు 6ను వర్గం చేసి, తర్వాత మైనస్ తగిలించి −36 ఇస్తాయి. (−6)² కొట్టండి. అసలు మైనస్ వదిలేసి 6² కొట్టినా ఒకటే. ఏ బిందువు ముందు, ఏది వెనక అన్న బెంగ కూడా అందుకే అక్కర్లేదు.

జవాబు ఎప్పుడూ పెద్ద తేడాకు తగ్గదు, రెండు తేడాల మొత్తాన్ని మించదు. ఇక్కడ 8కీ 14కీ మధ్య ఉండాలి. 100, 6.32, 5.29 ఈ జల్లెడలోనే ఆగిపోతాయి.

జారిపోయేది 9.9. ఇది √98. ఒకే బిందువులోని రెండు సంఖ్యల్నీ ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే (−7, 7) వచ్చే జవాబు. 10కి దగ్గరగా ఉంది కదా అని సరిపెట్టుకుంటే మోసపోతాం. బిందువుల్ని ఒకదాని కింద ఒకటి రాసి, నిలువు వరుసలో తీసివేయండి.

నెల్లూరు, ఒంగోలు మధ్య దూరం 1.06 వచ్చిందా? లెక్క తప్పలేదు, అవి డిగ్రీలు. నెల్లూరు అక్షాంశం 14.44, రేఖాంశం 79.99, ఒంగోలువి 15.50, 80.05. అక్షాంశం తేడా 1.06ను 111తో, రేఖాంశం తేడా 0.06ను ఈ ప్రాంతానికి 107తో గుణించి (ఒక్కో డిగ్రీకి సుమారుగా అన్ని కిలోమీటర్లు) కిలోమీటర్లు చేశాకే సూత్రం వాడాలి. సుమారు 118 వస్తుంది. అది తిన్నగా గీత గీసిన దూరం. హైవే మీద ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.