ఇంట్లో రికార్డింగ్, 6వ పాఠం: కంప్రెసర్ పెట్టాక ఫ్యాన్ ఎందుకు మోగింది?

పోయిన పాఠం చదివి, మీ పద్యాలకు కంప్రెసర్ (గట్టి చోట్లను నొక్కి తగ్గించే సాధనం) పెట్టి మీరు పంపిన ఆడియోలు విన్నాను. నెల్లూరు, కావలి, పొదిలి... ఊరేదైనా రోగం ఒకటే. పద్యం గట్టిగా ఉంది, వెనక ఫ్యానూ గట్టిగానే ఉంది. గొంతు ఆగిన ప్రతిచోటా ఫ్యాన్ ముందుకొస్తోంది. మే నెలలో నెల్లూరులో ఫ్యాన్ కట్టేసి పాడమని నేను చెప్పలేను. కానీ ఆ మోతలో కొంతే మైకు పట్టింది, మిగతాది మీరు పెంచింది.

ఈసారి అటాక్, రిలీజ్ మొదలుపెట్టాల్సింది. ముందు ఇది తేలాలి.

మీ పద్యంలో గట్టి చోటు మైనస్ 8 డీబీ (డెసిబెల్), ఫ్యాన్ మైనస్ 55 అనుకుందాం. ఇక్కడ సున్నాకు దగ్గరయ్యేకొద్దీ సౌండ్ గట్టి. థ్రెషోల్డ్ (ఏ మట్టం దాటితే నొక్కాలన్నది) మైనస్ 20, రేషియో (దాటినదాన్ని ఎన్నో వంతుకు తగ్గించాలన్నది) 3:1 పెట్టారు. గొంతు థ్రెషోల్డ్‌ను 12 డీబీ దాటింది, కంప్రెసర్ ఆ పన్నెండునీ నాలుగు చేసింది. గొంతు మైనస్ 16కి దిగింది. ఫ్యాన్ థ్రెషోల్డ్ కిందే ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు. "సౌండ్ తగ్గిందేందబ్బా" అని మీరు మేకప్ గెయిన్ (నొక్కాక మొత్తం సౌండ్‌ను పెంచే నాబ్) 8 డీబీ పెంచారు. గొంతు మళ్లీ మైనస్ 8కి వచ్చింది. ఫ్యాన్ మాత్రం మైనస్ 47కి ఎక్కి కూర్చుంది. ఊపిరి తీసుకునే చప్పుడూ, వీధిలో ఆటో హారనూ దాంతోపాటే ఎక్కాయి.

అంత పెంచాక కూడా "బాగుంది సార్" అని ఎందుకు రాశారంటే, గట్టిగా వినిపించేది ఎవరి చెవికైనా బాగానే ఉంటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీని వెనకున్న కారణాన్ని గీతలు గీసి చూపించారు. సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ సరిగ్గా అందదు, పెంచేకొద్దీ నిండుగా వినిపిస్తుంది. రెండు డీబీ పెంచి "వార్మ్‌గా ఉంది" అంటారు. నాలుగు పెంచి "స్టూడియో సౌండ్" అంటారు. కంప్రెసర్‌లో రేషియో 1:1 ఉంచి, అంటే అది ఏ పనీ చేయకుండా, మేకప్ ఒక్కటే పెంచి వినిపించినా అదే మాట అంటారు. కావాలంటే పక్కింటివాళ్ల మీద ప్రయోగించి చూడండి.

కాబట్టి రియాకాంప్ (రీపర్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే కంప్రెసర్) లాంటివాటిలో ఉండే ఆటో మేకప్ టిక్ తీసేయండి. నా దగ్గర అది ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంటుంది. కంప్రెసర్‌ను బైపాస్ చేసి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి వినండి. రెండూ ఒకే గట్టిదనంతో వినిపించేదాకా మేకప్ సరిచేయండి. క్షణంలో తాకిన గరిష్ఠాన్ని చూపే పీక్ మీటర్ చూసి సరిచేయొద్దు, చెవికి తోచే గట్టిదనాన్ని కొలిచే ఎల్‌యుఎఫ్‌ఎస్ (LUFS) మీటర్ చూడండి. అది లేకపోతే స్పీకర్ సౌండ్ బాగా తగ్గించి చెవితో పోల్చండి. సమానం చేశాక కూడా కంప్రెసర్ ఉన్నదే బాగుంటేనే అది పని చేసినట్టు. చాలాసార్లు అప్పుడు తేడా కొంచెమే ఉంటుంది. ఉండాల్సింది కూడా అంతే.

ఇక అటాక్. గొంతు థ్రెషోల్డ్ దాటాక కంప్రెసర్ ఎంత త్వరగా నొక్కాలన్నది ఇది చెబుతుంది. 1 మిల్లీసెకను పెడితే క, ట, ప ల మొదటి దెబ్బ చచ్చిపోయి పద్యం మొద్దుబారుతుంది. 30 పెడితే ఆ దెబ్బలు మరీ పొడుచుకొస్తాయి. నేను 10 నుంచి 15 మధ్యలో పెడతాను. 1967లో వచ్చిన 1176 మోడల్ కంప్రెసర్‌ను కంప్యూటర్‌లో అనుకరించే ప్లగిన్ వాడేవాళ్లు జాగ్రత్త. అందులో నాబ్ కుడికి తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది. అన్నిటికన్నా నెమ్మదిగా పెట్టినా అటాక్ ఒక మిల్లీసెకను లోపే.

రిలీజ్ అంటే నొక్కిన చేయి ఎప్పుడు తీయాలన్నది. పద్య నాటకాల్లో రాగం తీసేటప్పుడు మైక్ సెట్ అతను వాల్యూమ్ తగ్గిస్తాడు. తర్వాత పెంచడం మరిచిపోతే కిందున్న మాటలు ఎవరికీ వినపడవు. రిలీజ్ ఒక సెకను దాటిస్తే జరిగేది అదే. మరీ తక్కువ పెడితే ఫ్యాన్ పైకీ కిందికీ ఊగుతుంది, మగ గొంతు గరగరలాడుతుంది. 100 హెర్ట్జ్ గొంతులో ఒక్కో అల 10 మిల్లీసెకన్లే, కంప్రెసర్ ఆ అలల వెంటే పరిగెడుతుంది మరి. రిలీజ్ 100 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి చెవితో సర్దుకోండి.

ఇవి వినపడటం లేదన్నవాళ్లకు నా అడ్డదారి: రేషియో 10:1 పెట్టి, గొంతు నలిగిపోయేంతగా థ్రెషోల్డ్ దించండి. ఆ ఘోరంలో అటాక్, రిలీజ్ తేడా ఎవరికైనా తెలుస్తుంది. అవి కుదిరాక రేషియో 3:1కి తెచ్చి, గట్టి చోట్ల 4, 5 డీబీ తగ్గేలా థ్రెషోల్డ్ పైకి తీసుకోండి. ‘నీ’ (knee) అనే నాబ్, అంటే థ్రెషోల్డ్ దగ్గర నొక్కడం ఒక్కసారిగా మొదలవ్వాలా, మెల్లగానా అన్నది, దాని గురించి అడిగారు. నేను దాన్ని ముట్టుకోను.

రికార్డ్ చేసేటప్పుడే కంప్రెసర్ వేయాలా అని ఇంకొకరి ప్రశ్న. అక్కర్లేదు. 24 బిట్‌లో, గట్టి చోట్లు మైనస్ 12 దాటకుండా రికార్డ్ చేస్తే చాలు. రాగం తీసేటప్పుడు ఒక అడుగు వెనక్కి జరగండి. మైకుకూ నోటికీ దూరం రెట్టింపైతే సుమారు 6 డీబీ తగ్గుతుంది. పాత నాటకాలవాళ్లు ఏ ప్లగినూ లేకుండా చేసింది ఇదే.

అభ్యాసం: ఒకే పద్యాన్ని ఒక్కచోటే నిలబడి ఒకసారి, రాగం దగ్గర వెనక్కి జరిగి ఒకసారి పాడండి. ఒక్కోదానికి అటాక్ 1, 12, 30తో మూడేసి కాపీలు తీసి, ఆరింటినీ అర డీబీ తేడా కూడా లేకుండా సమానం చేయండి. ఇంట్లో ఎవరిచేతైనా ఫైళ్ల పేర్లు మార్పించి, ఏది ఏదో విని రాయండి. నాలుగుకన్నా తక్కువ సరిపోలితే ఆడియో నాకు పంపొద్దు, మళ్లీ చేయండి. ఫ్యాన్ తిరుగుతూనే ఉండనివ్వండి.