ఇంటి నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్: బయోస్ ముట్టుకునే ముందు

నల్గొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో కొన్న ల్యాప్‌టాప్‌తో డాలస్‌లో దిగిన విద్యార్థికి మొదటి వారాల్లోనే బయోస్‌తో, అంటే విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల ప్రోగ్రాంతో పని పడుతుంది. క్లాసులో వర్చువల్ మెషీన్ (ల్యాప్‌టాప్‌లోపల నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) అడుగుతారు, లేదా విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ వేసుకోమంటారు. బయోస్‌లోకి వెళ్లేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఫీచర్) రికవరీ కీ చేతిలో ఉండాలి. అది 48 అంకెల నంబరు.

బయోస్‌లో సెక్యూర్ బూట్, టీపీఎం లాంటి భద్రత సెట్టింగులు మారిస్తే విండోస్ అనుమానపడి ఆ కీ అడుగుతుంది. ‘నేను బిట్‌లాకర్ పెట్టలేదు కదా’ అనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, కీ ఆ ఖాతాలోకి చేరుతుంది. చిక్కంతా ఆ ఖాతా తెరవడంలోనే. ఓటీపీ ఇండియా నంబరుకు పోతుంది, ఆ సిమ్‌కు రోమింగ్ ఉండదు. పాత నంబరు, మెయిల్ అన్నీ తీసేసి కొత్తవి పెట్టబోతే మైక్రోసాఫ్ట్ 30 రోజులు ఆగమంటుంది. అందుకే బయల్దేరే ముందే ఖాతాకు ఇంకో మెయిల్ జతచేసి, కీని కాగితం మీద రాసి పాస్‌పోర్టు ఫైల్లో పెట్టుకోండి. షాపువాళ్లు వాళ్ల మెయిల్‌తో ఖాతా తెరిచి ఇచ్చారేమో కూడా చూసుకోండి. అలాగైతే కీతో పాటు ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ లైసెన్సు కూడా వాళ్ల ఖాతాలోనే ఉంటుంది.

వర్చువల్ మెషీన్‌కు కావాల్సిన వర్చువలైజేషన్ సెట్టింగు చాలా మిషన్లలో ముందే ఆన్‌లో ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ పేజీ చూస్తే తెలుస్తుంది. ఆఫ్‌లో ఉంటేనే, మిషన్ ఆన్ చేయగానే ఈ బటన్ నొక్కి బయోస్‌కు వెళ్లండి: డెల్, ఏసర్, ఆసుస్‌లకు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1. ఇంటెల్‌లో వర్చువలైజేషన్ టెక్నాలజీ అనీ, ఏఎండీలో ఎస్‌వీఎం అనీ ఉంటుంది. ఏదైనా మార్చేముందు ప్రతి పేజీకి ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

స్టోరేజీ సెట్టింగు మాత్రం ఊరికే కదిలించొద్దు. లైనక్స్ కోసం రెయిడ్ లేదా వీఎండీ తీసి ఏహెచ్‌సీఐ (ఇవన్నీ డిస్క్‌ను నడిపే పద్ధతుల పేర్లు) పెట్టగానే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది, ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటుంది. డేటా ఎక్కడికీ పోలేదు. డిస్క్‌ను చదివే డ్రైవరు మారడం వల్ల విండోస్‌కు అది కనబడట్లేదు, అంతే. సెట్టింగు వెనక్కి పెడితే మళ్లీ లేస్తుంది. భయపడి ఫార్మాట్ కొడితే మాత్రం డేటా నిజంగానే పోతుంది.

బయోస్ అప్‌డేట్ ఛార్జర్ గట్టిగా కుదిరిన ప్లగ్గులో ఉన్నప్పుడే చేయండి. మన మూడు పిన్నుల ప్లగ్గుకు తగిలించే చవక కన్వర్టర్ వదులుగా ఊగుతుంది. బ్యాటరీ కూడా బలహీనమైతే, మధ్యలో కరెంటు పోయి బోర్డే పాడవచ్చు. ఛార్జర్ మీద 100–240 వోల్టులని ఉంటే గోడకు పెట్టే వైరు ఒక్కటి ఇక్కడిది కొనుక్కుంటే సరిపోతుంది.

ఇక ఫ్యాక్టరీ విండోస్ సంగతి. షాపులో దాన్ని చెరిపి క్రాక్ చేసినది వేసి ఉన్నా, కంపెనీ విండోస్‌తో అమ్మిన మిషనైతే విండోస్ అసలు లైసెన్సు కీ బయోస్ చిప్‌లోనే ఉంటుంది. డాలర్లు పెట్టి కొత్తది కొనే అవసరమే లేదు. అదే ఎడిషన్ వేసి నెట్ కలిపితే యాక్టివేట్ అవుతుంది, హోమ్ కీతో ప్రో కాదు. విండోస్ లేకుండా డాస్‌తో కొన్నవాటిలో మాత్రం ఈ కీ ఉండదు. డిస్క్‌లో రికవరీ భాగం (ఫ్యాక్టరీ విండోస్ కాపీ దాచిన చోటు) మిగిలి ఉంటే, ఆన్ చేయగానే హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కాలి. అదీ చెరిపేసి ఉంటే 32 జీబీ పెన్‌డ్రైవ్, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు, ఇంకో కంప్యూటర్ కావాలి. డెల్, హెచ్‌పీ, లెనోవో రికవరీ టూల్స్‌ను సొంత సైట్లలో ఉచితంగానే ఇస్తాయి. మామూలు విండోస్ పెన్‌డ్రైవ్‌తో వేసేటప్పుడు 11వ తరం ఇంటెల్ నుంచి డిస్క్ కనబడకపోవచ్చు. కంపెనీ సైటు నుంచి డిస్క్‌ను చదివే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ దించి, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టి ‘లోడ్ డ్రైవర్’ నొక్కండి.

బయోస్ పాస్‌వర్డ్ అడిగితే అడ్డదిడ్డంగా కొట్టకండి. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ (బయోస్ సెట్టింగులకు వేసిన తాళం) పోతే లెనోవో మదర్‌బోర్డే మార్చాలంటుంది. అది పెట్టింది షాపువాళ్లయితే ముందు వాళ్లకే ఫోన్ చేయండి, బిల్లు ఫొటో దగ్గర పెట్టుకోండి. అక్కడ పొద్దున పదింటికి షట్టర్ లేచేసరికి డాలస్‌లో ఎండాకాలం రాత్రి 11:30, చలికాలం 10:30 అవుతుంది.