శనివారం బోర్డ్ గేమ్స్‌కి కూర్చునే ముందు

మన బ్యాచ్ ఈ శనివారం మళ్లీ కలుస్తోంది. వచ్చే ముందు ఇవి చూసుకోండి.

- ఎంతమంది వస్తున్నారో ముందే లెక్కేసుకోండి. కటాన్ అనే బోర్డ్ గేమ్‌ని మామూలు పెట్టెతో ముగ్గురు, నలుగురే ఆడగలరు. ఆరుగురు వస్తే ఇద్దరు గంటకు పైగా ఊరికే చూస్తూ కూర్చోవాలి. పోయినసారి అలా కూర్చున్న కొత్త అబ్బాయి మళ్లీ రాలేదు, నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మంది ఎక్కువైతే కోడ్‌నేమ్స్ అనే మాటల ఆట తీయండి. రెండు జట్లుగా అందరూ ఆడొచ్చు.

- రూల్స్ చెప్పేది ఒక్కరే. వాళ్లు ముందురోజే చదువుకుని రావాలి, లేకపోతే పుస్తకం తిప్పడంతోనే అరగంట పోతుంది.

- మిర్చి బజ్జీలు వేరే బల్ల మీద పెట్టండి. వెనకవైపు నూనె వేలిముద్ర పడిన కార్డుని ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేస్తారు. ఇక ఆ కట్టతో ఆడటం దండగే. చేతులు తుడుచుకుంటే చాలదు, సబ్బుతో కడుక్కోండి.

- పెట్టె మూసే ముందు ముక్కలు లెక్కపెట్టండి. కటాన్‌లో నేల పలకలు 19, అంకెల బిళ్లలు 18. బిళ్ల సోఫా కిందికి దొర్లిపోతే ఆ రాత్రే దొరకాలి, లేకపోతే మర్నాడు చీపురుకే చిక్కుతుంది.

- తొమ్మిది దాటాక పెద్ద ఆట మొదలుపెట్టొద్దు. దూరం వెళ్లేవాళ్లు సగంలో లేస్తే అందరి ఆటా ఆగిపోతుంది.