శాతం పెరిగింది, తగ్గింది అనే రాత లెక్కలు ఎలా చేయాలి?

ఆషాఢంలో ఒక బట్టల దుకాణం ముందు ‘50% + 20% తగ్గింపు’ అన్న బోర్డు చూసి, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురు అక్కడికక్కడే లెక్క కట్టేసింది. “డెబ్బై శాతం, బాబాయ్! వెయ్యి రూపాయల చీర మూడు వందలకే వస్తుంది.” తీరా బిల్లు నాలుగు వందలకు వచ్చింది. దుకాణం వాళ్లు మోసం చేశారని మొహం ముడుచుకుంది. నిజానికి బిల్లులో తప్పేమీ లేదు. మొదటి 50 శాతం వెయ్యి మీద తీశారు, తరువాతి 20 శాతం మిగిలిన ఐదు వందల మీద తీశారు. ఐదు వందల్లో 20 శాతం అంటే వంద. మొత్తం తగ్గింది ఆరు వందలు, అంటే 60 శాతం. ఆ రెండు అంకెల మధ్య కూడిక గుర్తు పెట్టినవాడి ఉద్దేశం ఏమిటన్నది వేరే సంగతి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఇద్దరం కాగితం ముందేసుకుని కూర్చున్నాం. చాలామంది పిల్లలకు గుణించడం, భాగించడం బాగానే వస్తాయి. ‘ఈ శాతం దేని మీద?’ అని అడగడం మాత్రం ఎవరూ అలవాటు చేయరు. పదో తరగతి పరీక్షల నుంచి బ్యాంకు, గ్రూప్స్ పరీక్షల దాకా ఈ లెక్కల్లో మార్కులు పోయేది అక్కడే.

ముందు సూత్రం

మార్పు శాతం = (కొత్త విలువ − పాత విలువ) ÷ పాత విలువ × 100

జవాబు ముందు రుణ గుర్తు వస్తే తగ్గినట్టు, లేకపోతే పెరిగినట్టు. ఇందులో గట్టిగా పట్టుకోవాల్సింది ఒక్కటే: కింద ఉండేది ఎప్పుడూ పాత విలువే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 2001 లెక్కల్లో సుమారు 762 లక్షలు, 2011 లెక్కల్లో సుమారు 846 లక్షలు. తేడా 84 లక్షలు. 84ను 762తో భాగించి వందతో గుణిస్తే సుమారు 11 శాతం పెరుగుదల. పొరపాటున 846తో భాగిస్తే 9.9 వస్తుంది. ఆ కాస్త తేడాకే ఇంత రాద్ధాంతమా అనిపిస్తే టమాటా సంగతి చూడండి. కిలో 20 రూపాయలున్న టమాటా 100కు ఎక్కిందనుకుందాం. పెరిగింది 80 రూపాయలు, పాత ధర 20, కాబట్టి పెరుగుదల 400 శాతం. తరువాత అదే టమాటా మళ్లీ 20కి దిగింది. తగ్గింది అదే 80 రూపాయలు, కానీ ఇప్పుడు పాత ధర 100, కాబట్టి తగ్గుదల 80 శాతమే. ఎక్కినప్పుడు 400, దిగినప్పుడు 80. ధర మాత్రం బయలుదేరిన చోటికే వచ్చింది.

1. వాక్యంలో ఆధారాన్ని పట్టుకోండి

పెన్ను ముట్టుకోకముందే చేయాల్సిన పని ఇది. ఏ విలువ మీద శాతం లెక్కిస్తున్నామో దాన్ని ఆధారం అందాం. తెలుగు వాక్యంలో అది ఎక్కడుందో విభక్తులే చెబుతాయి.

‘కంటే’ అన్న మాట దేనికి తగిలి ఉంటే అదే ఆధారం. ‘రాము జీతం సోము జీతం కంటే 25 శాతం ఎక్కువ’ అన్నప్పుడు ఆధారం సోము జీతం. అది 100 అయితే రాముది 125. మరి సోము జీతం రాము జీతం కంటే ఎంత శాతం తక్కువ? చాలామంది 25 అనేస్తారు. ఇప్పుడు ‘కంటే’ రాము పక్కకు వెళ్లింది, ఆధారం 125 అయింది. 25ను 125తో భాగిస్తే 20 శాతం.

‘మీద’ కూడా అంతే. ‘కొన్న వెల మీద 10 శాతం లాభం’, ‘అమ్మిన వెల మీద 10 శాతం లాభం’ రెండూ వేర్వేరు లెక్కలు. లెక్కలో ఏమీ చెప్పకుండా లాభ శాతం అంటే కొన్న వెల మీద అని, తగ్గింపు శాతం అంటే ప్రకటించిన ధర మీద అని తీసుకోవాలి. ఇది పాఠ్యపుస్తకాల ఒప్పందం.

అన్నిటికంటే ఎక్కువమందిని పడగొట్టేది ఒక చిన్న ‘కి’. ‘నిల్వ 30 శాతం తగ్గింది’ అంటే 70 శాతం మిగిలింది. ‘నిల్వ 30 శాతానికి తగ్గింది’ అంటే మిగిలిందే 30 శాతం. 500 బస్తాల గిడ్డంగిలో మొదటిదానికి జవాబు 350, రెండోదానికి 150. ప్రశ్నపత్రంలో ఆ ‘కి’ కింద గీత గీసుకోండి.

‘రెట్లు’ విషయంలోనూ జాగ్రత్త అవసరం. టమాటా 20 నుంచి 100కు వెళ్తే ధర ఐదు రెట్లు అయింది, పెరుగుదల మాత్రం 400 శాతం. ‘ఐదు రెట్లు పెరిగింది’ అని పత్రికల్లో రాసేది కూడా ఈ అర్థంలోనే. 500 శాతం అని రాసుకుంటే తప్పు.

ఇక ఆధారాన్ని పూర్తిగా మింగేసే మాటలూ ఉన్నాయి. ఊళ్లో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. నూరూ నెలా ఆ మాటలో వినబడవు. బ్యాంకు లెక్కలో అది ఏడాదికి 24 శాతం.

2. ఆధారానికే పేరు పెట్టండి

తెలియని రాశిని బడిలో ఎక్స్ అంటారు. భాస్కరాచార్యుడి కాలంలో దాన్నే యావత్తావత్తు అని, పొట్టిగా ‘యా’ అని రాసేవారు. నాకు ఆ పేరు ఇష్టం కాబట్టి ఇక్కడ అదే వాడతాను. ఏ అక్షరమైనా ఫరవాలేదు, దాన్ని ఆధారానికే పెట్టండి. లెక్క అడిగింది ఇంకేదైనా సరే, చివరలో దాన్ని కట్టుకోవచ్చు. ముందే వేరేదానికి పేరు పెడితే హారాల్లో ఇరుక్కుంటారు.

3. శాతాన్ని గుణకంగా మార్చండి

‘12 శాతం పెరిగింది’ అని చదవగానే కాగితం మీద 1.12 అని రాసుకోవాలి. పాతది పూర్తిగా ఉంది, దానికి 0.12 చేరింది. ‘35 శాతం తగ్గింది’ అంటే 0.65. ‘2.5 శాతం పెరిగింది’ అంటే 1.025. హడావిడిలో 1.25 అని రాసేస్తారు, అది 25 శాతం. వంద శాతం పెరిగితే గుణకం 2.

దీనివల్ల వచ్చే సుఖం ఏమిటంటే, మార్పులు ఒకదాని తరువాత ఒకటి వస్తే గుణకాలను గుణించుకుంటూ పోతే చాలు. చీర లెక్క 0.5 × 0.8 = 0.4. నలభై శాతం చెల్లించాం, అరవై తగ్గింది. శాతాలను శాతాలతో కూడాలనిపించినప్పుడల్లా ఆ బోర్డును గుర్తుచేసుకోండి.

4. సమీకరణం రాసి సాధించండి

జీతం 12 శాతం పెరిగి 56,000 రూపాయలు అయింది. పాత జీతం ఎంత?

ఎక్కువమంది 56,000లో 12 శాతం, అంటే 6,720 తీసేసి 49,280 అంటారు. కానీ ఆ 12 శాతం పాత జీతం మీద పెరిగింది, కొత్తదాని మీద కాదు. పాత జీతం యా అనుకుంటే:

1.12 యా = 56,000
యా = 56,000 ÷ 1.12 = 50,000

పన్నుతో కలిపి ఉన్న బిల్లులకూ ఇదే దారి. 18 శాతం జీఎస్టీతో కలిపి ఒక వస్తువు 1,180 రూపాయలైతే అసలు ధర 1,180 ÷ 1.18, అంటే వెయ్యి. 1,180లో 18 శాతం తీసేస్తే 967.60 వస్తుంది, ఆ లెక్క ఎక్కడా పొసగదు.

5. జవాబును వాక్యంలో పెట్టి చూడండి

50,000లో 12 శాతం 6,000. కలిపితే 56,000. సరిపోయింది. తప్పు జవాబు 49,280ని పెట్టి చూడండి: దానిలో 12 శాతం సుమారు 5,914, కలిపితే 55,194. పొరపాటు తనంతట తానే బయటపడుతుంది. అర నిమిషం పని, మానవద్దు.

ఇప్పుడు కాస్త చిక్కు లెక్కలు

ఒక వ్యాపారి కొన్న వెల మీద 40 శాతం పెంచి ధర చీటీ అంటించాడు. దాని మీద 25 శాతం తగ్గించి అమ్మాడు. అయినా 120 రూపాయలు లాభం వచ్చింది. కొన్న వెల ఎంత?

మొదటి శాతానికి ఆధారం కొన్న వెల, రెండోదానికి చీటీ మీది ధర. కొన్న వెలను యా అందాం. అమ్మిన వెల 1.4 × 0.75 × యా, అంటే 1.05 యా. లాభం 0.05 యా = 120. యా = 2,400. సరిచూస్తే చీటీ ధర 3,360, అమ్మినది 2,520, లాభం 120. పావు వంతు తగ్గించానని చెప్పి కూడా వ్యాపారి 5 శాతం మిగుల్చుకున్నాడు.

రెండోది వంటింటి లెక్క. పోటీ పరీక్షలు దీన్ని రకరకాల వేషాలు వేసి అడుగుతాయి. కందిపప్పు ధర 20 శాతం తగ్గడంతో 600 రూపాయలకు ఒక కిలో ఎక్కువ వచ్చింది. పాత ధర ఎంత?

పాత ధర కిలో యా రూపాయలు అనుకుంటే కొత్త ధర 0.8 యా. అదే డబ్బుకు ఇప్పుడు వచ్చే పప్పులోంచి ఇంతకుముందు వచ్చినది తీసేస్తే ఒక కిలో.

600 ÷ (0.8 యా) − 600 ÷ యా = 1
750 ÷ యా − 600 ÷ యా = 1
150 ÷ యా = 1, యా = 150

పాత ధర 150, కొత్త ధర 120. ఇంతకుముందు నాలుగు కిలోలు, ఇప్పుడు ఐదు. దీన్ని సమీకరణం లేకుండా మా అమ్మ నోటితోనే చెప్పేసింది. “పాత నాలుగు కిలోలే కొనుంటే 600లో 20 శాతం, 120 రూపాయలు మిగిలేవి. ఆ 120కే కదా ఇంకో కిలో వచ్చింది. కాబట్టి కొత్త ధర 120.” ‘పాత నాలుగు కిలోలు’ అన్నది కూడా ఆమెకు అక్కర్లేదు, ఎన్ని కిలోలైనా మిగిలేది 120 రూపాయలే. ఇలాంటి దారి కనబడితే వాడుకోండి. కనబడకపోతే యా ఉండనే ఉంది.

మూడోదాంట్లో శాతమే తెలియదు. 500 రూపాయల వస్తువు ధరను కొంత శాతం పెంచి, తరువాత అంతే శాతం తగ్గిస్తే 455 అయింది. ఆ శాతం ఎంత? ఇక్కడ ఆధారం తెలుసు కాబట్టి యాను శాతానికే ఇవ్వాలి, దశాంశంగా.

500 × (1 + యా) × (1 − యా) = 455

రెండు కుండలీకరణాల లబ్ధం 1 − యా². 455ను 500తో భాగిస్తే 0.91. కాబట్టి యా² = 0.09, యా = 0.3, అంటే 30 శాతం. 500 పెరిగి 650 అయింది, 650లో 30 శాతం 195, తీసేస్తే 455. పెంచినంత శాతమే తగ్గిస్తే ఎప్పుడూ కొంత పోతుంది. ఎందుకంటే తగ్గించేటప్పటికి ఆధారం పెద్దదైపోయింది.

శాతం వేరు, శాతం పాయింటు వేరు

శాతాలుగా చెప్పే విలువే మారినప్పుడు ఈ చిక్కు వస్తుంది. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీద వేసే వడ్డీ) 2020 మేలో 4 శాతం అయింది, 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. పెరిగింది 2.5 శాతం పాయింట్లు. శాతం మార్పు అడిగితే మాత్రం 2.5 ÷ 4 × 100 = 62.5. లెక్కలో ‘ఎన్ని శాతం పాయింట్లు’ అని ఉందో ‘ఎంత శాతం’ అని ఉందో చూసుకుంటే చాలు.

మిరపకాయల లెక్క

ఇది చివరకు దాచుకున్నాను, ఎందుకంటే ఇందులో ఆధారం మన కళ్ల ముందే కరిగిపోతుంది. కోసిన పండు మిరప 450 కిలోలు, అందులో 80 శాతం తేమ. కల్లంలో ఎండబెట్టాక తేమ 10 శాతానికి తగ్గింది. ఇప్పుడు బరువు ఎంత? (ఆ ‘కి’ చూశారా?)

80 లోంచి 10 పోతే 70, కాబట్టి 450లో 70 శాతం పోయింది, 135 కిలోలు మిగిలింది అనడం సహజం. కానీ 80 శాతం పచ్చి బరువు మీద, 10 శాతం ఎండిన బరువు మీద. ఆధారాలు వేర్వేరైనప్పుడు ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేయకూడదు. అలాంటప్పుడు ఎండినా మారనిది ఏమిటో వెతకాలి. ఎండకు నీరు పోతుంది, కాయలోని పొడి పదార్థం పోదు. పచ్చి కాయలో అది 20 శాతం, అంటే 90 కిలోలు. ఎండిన బరువు యా అయితే అందులో 90 శాతం ఆ పొడి పదార్థమే:

0.9 యా = 90, యా = 100

నాలుగున్నర క్వింటాళ్లు ఎండి ఒక్క క్వింటాలు అయింది. బరువు తగ్గింది 350 కిలోలు, 450తో భాగిస్తే సుమారు 77.8 శాతం.

అదే కాయను ఇంకో రోజు ఎండనివ్వకుండా 12 శాతం తేమ ఉండగానే బస్తాలకెత్తితే 0.88 యా = 90, బరువు సుమారు 102 కిలోల 270 గ్రాములు. ఆ రెండు కిలోల పైచిలుకు నీరు, ఎవరూ పట్టుకోకపోతే, మిర్చి ధరకే అమ్ముడుపోతుంది. గుంటూరు యార్డులో కొనేవాళ్లు బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి విదిలించి, గలగలలాడుతున్నాయా అని వినేది ఇందుకే.