యూజర్ గైడ్‌లో సెక్షన్ నంబర్లు తప్పుతున్నాయా? సమస్య - పరిష్కారం

రుషికొండ మీద ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నేను యూజర్ గైడ్లు రాస్తున్నప్పుడు, గాజువాకలోని ఒక గోదాము నుంచి ఆపరేటరు ఫోన్ చేసి, "మీరు చెప్పిన 4.3.2లో ఉన్నదే చేశానండీ, సరుకు రెండుసార్లు ఎక్కిపోయింది" అన్నారు. మా ప్రతిలో 4.3.2 అంటే సరుకు వాపసు. ఆయన చేతిలోని పాత ప్రింటులో అది కొత్త సరుకు నమోదు. సెక్షన్ నంబరు పాఠకుడికి ఇంటి చిరునామా వంటిదని నాకు ఆ రోజే బోధపడింది. ఈ కింది పరిష్కారాలన్నీ మైక్రోసాఫ్ట్ వర్డ్‌కు సంబంధించినవి.

సమస్య: 2.4 తరువాత 2.5 రావలసిన చోట మళ్లీ 2.1 వస్తుంది, లేదా వేరే ఫైలు నుంచి పేరా అతికించగానే నంబర్లన్నీ చెదిరిపోతాయి.

శీర్షికకు బటన్ నొక్కి విడిగా నంబరు పెట్టడం వల్ల, ఒకే ఫైలులో పైకి ఒకేలా కనిపించే రెండు మూడు జాబితాలు తయారై, ఒక్కొక్కటి తన లెక్క తాను లెక్కపెట్టుకోవడమే దీనికి సాధారణంగా కారణం. తప్పిన చోట 'కంటిన్యూ నంబరింగ్' నొక్కితే ఆ పూటకు సరిపోతుంది కానీ, మరో పేరా అతికించగానే తప్పు తిరిగివస్తుంది. అందువల్ల టెంప్లేట్‌లోనే (గైడ్లకు మూలంగా వాడే నమూనా ఫైలులోనే) 'డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్' తెరిచి, 'మోర్' నొక్కి, 'లింక్ లెవెల్ టు స్టైల్' దగ్గర మొదటి స్థాయికి హెడింగ్ 1 అనే స్టైల్‌ను (ముందే అమర్చి ఉన్న శీర్షిక రూపాన్ని), రెండవదానికి హెడింగ్ 2ను, మూడవదానికి హెడింగ్ 3ను జతచేయాలి. ఆ తరువాత రాసేవారు స్టైల్ మాత్రమే ఎంచుకోవాలి, నంబరు జోలికి పోకూడదు. బయటి పాఠాన్ని 'కీప్ టెక్స్ట్ ఓన్లీ'తో అతికించి, ఆపైన స్టైల్ ఇవ్వాలి. వర్డ్ తొమ్మిది స్థాయిలు ఇస్తుంది. నేను మూడు దాటనివ్వను, ఎందుకంటే 4.3.2.1.5 అనే నంబరును ఫోనులో చెప్పేవారికీ వినేవారికీ కష్టమే. చివరి అంకె తరువాత చుక్క పెట్టకూడదన్నది సెక్షన్లకు నంబర్లు వేయడంపై 1978లో వచ్చిన ఐఎస్ఓ 2145 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే పద్ధతి.

సమస్య: అనుబంధం తొమ్మిదో అధ్యాయంగా కనిపిస్తుంది.

దానికీ హెడింగ్ 1 వాడారన్నమాట. అదే జాబితాలో ఏడవ స్థాయిని 'అనుబంధం ఎ' రూపంలో అమర్చి, హెడింగ్ 7కు జతచేయాలి. విషయసూచికలో ఆ స్టైల్‌ను మొదటి స్థాయిగా చూపించడం మరువకూడదు.

సమస్య: "3.2 చూడండి" అని ఉన్నచోట ఆ విషయం 3.3లో దొరుకుతుంది.

నంబరును చేత్తో టైపు చేశారు, లేదా క్రాస్ రిఫరెన్స్ (శీర్షిక నంబరును వర్డే తెచ్చి చూపించే లింకు) పెట్టినా దాన్ని అప్‌డేట్ చేయలేదు. ప్రింటుకు ముందు కంట్రోల్ ఎ, ఎఫ్9 నొక్కి, ఆపైన 'ఎర్రర్!' అనే మాట కోసం ఫైలంతా వెతకాలి. ఎవరైనా తొలగించిన శీర్షికలు అక్కడ బయటపడతాయి.

సమస్య: ఫైలులో అన్నీ సరిగానే ఉన్నా, వినియోగదారుడి ప్రతితో నంబర్లు కలవవు.

గాజువాకలో జరిగింది ఇదే, దీన్ని ఏ ఆటోమేటిక్ నంబరింగూ ఆపలేదు; నిజానికి మధ్యలో ఒక సెక్షన్ చేర్చగానే వెనుకవాటినన్నింటినీ జరిపేది అదే. కాబట్టి ప్రతి పేజీ అడుగున గైడ్ వెర్షన్‌ను, తేదీని టెంప్లేట్‌లోనే ముద్రించాలి. చిన్న సవరణలలో కొత్త సెక్షన్‌ను ఆ అధ్యాయం చివరనే చేర్చాలి. సపోర్టులో ఉన్నవారు ముందుగా "పేజీ అడుగున ఏ వెర్షన్ ఉందండీ?" అని అడిగి, నంబరుతో పాటు శీర్షికను కూడా చదివి వినిపించాలి.