పిల్లలు ఫోన్ వదలకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: ఉదయం ఎంత లేపినా లేవరు, తరగతిలో కునికిపాట్లు పడతారు, ఏం అడిగినా విసుక్కుంటారు.

కారణం: 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. బెంగళూరు ట్రాఫిక్ దాటుకుని తల్లిదండ్రులు ఇల్లు చేరి, భోజనాలు ముగిసేసరికే పది దాటే ఇళ్లలో, పిల్లలకు తమదంటూ కాస్త సమయం ఆ తర్వాతే దొరుకుతుంది. అంతూ పొంతూ లేకుండా వచ్చిపడే రీల్స్ దాన్ని అర్ధరాత్రి దాటిస్తాయి.

పరిష్కారం: రాత్రి ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్‌కు పెట్టి, అలారానికి విడిగా గడియారం కొనాలి. అమెరికా క్లయింట్లతో మాట్లాడాలంటూ తండ్రి తన ఫోన్‌ను పడకగదికి తీసుకెళ్తే ఈ నియమం వారం కూడా నిలవదు.

సమస్య: ఫోన్ చూసిన ప్రతిసారీ ముఖం వాడిపోతుంది, తన రూపాన్ని తానే తక్కువ చేసుకుని మాట్లాడతారు.

కారణం చాలాసార్లు పోలికే; అలాంటి ఖాతాలను వారి చేతనే అన్‌ఫాలో చేయించాలి. మెసేజ్ రాగానే బెదిరిపోతుంటే మాత్రం ఎవరైనా వేధిస్తున్నారేమో మెల్లగా అడిగి, ఆ మెసేజ్‌లను చెరిపేయకుండా భద్రపరచాలి.

సమస్య: ఫోన్ తీసుకుంటే ఆగ్రహిస్తారు; ఆటలు, స్నేహాలు, చదువు అన్నీ వెనకబడతాయి.

కారణం: ఇక్కడే తల్లిదండ్రుల తొందరపాటు ఎక్కువ. గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి బెంగళూరులోని మారతహళ్లిలో కొత్త బడిలో చేరి, కన్నడం రాక ఒంటరైన పిల్లవాడికి పాత స్నేహితులు మిగిలింది ఆ ఫోన్‌లోనే కావచ్చు. అతిగా వాడటం దిగులుకు కారణమో, దిగులే అతిగా వాడిస్తోందో తేల్చుకోకుండా ఫోన్ లాక్కుంటే ఉన్న ఒక్క ఆసరా కూడా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో, 2022 నుంచి అమల్లో ఉన్న 11వ కూర్పు ప్రకారం, గేమింగ్ రుగ్మత (వీడియో గేమ్‌ల వ్యసనం) అనాలంటే ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులకంటే ఆటే ముఖ్యమవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం సాధారణంగా 12 నెలలపాటు ఉండాలి. కాబట్టి సెలవుల్లో రెండు వారాలు ఆడినంత మాత్రాన వ్యసనమనడం సరికాదు.

పరిష్కారం: ముందు సాయంత్రాలకు తోడు చూపాలి: అపార్ట్‌మెంట్‌లో షటిల్ ఆడే జట్టో, ఊళ్లో స్నేహితులతో వీడియో కాల్‌కు ఒక నిర్ణీత వేళో. ఆ తర్వాతే గంటలు తగ్గించాలి. అయినా మార్పు లేకపోతే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014లో మొదలైన షట్ క్లినిక్ ఇటువంటి సమస్యలనే చూస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. చనిపోవాలనో, తనను తాను గాయపరచుకోవాలనో పిల్లలు అన్నప్పుడు ఈ మెట్లేవీ పాటించకుండా, వారిని ఒంటరిగా వదలకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.